సింగిల్ కాయిల్ పికప్‌ను ఎంచుకోవడం ఎలా? గిటార్‌లో ఫారడే నియమం



విద్యుదయస్కాంత ప్రేరణ అనే అధ్యాయాన్ని మీలో చాలామంది చదివే ఉంటారు. తీగచుట్ట దగ్గరికి అయస్కాంతాన్ని తీసుకువెళితే గాల్వనామీటర్ ముల్లు ఒక పక్కకు కదులుతుంది. వెనక్కి లాగితే రెండో పక్కకు కదులుతుంది. కదలిక ఆగితే ముల్లు సున్నా దగ్గర నిలుస్తుంది. 1831లో మైకేల్ ఫారడే గమనించిన విషయం ఇదే. పరీక్షలో ఈ ప్రయోగాన్ని బొమ్మతో సహా రాస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. ఆ తరువాత దానితో మనకు పనేమీ లేదనిపిస్తుంది.

ఈ పాఠంలో అదే ప్రయోగాన్ని ఒక ఎలక్ట్రిక్ గిటార్‌లో చూద్దాం. గిటార్‌లోని పాత పికప్‌ను తీసి కొత్తది పెట్టాలనుకునేవారు దేన్ని చూసి ఎంచుకోవాలి? అంగడివారు చెప్పే అంకెల్లో ఏది పనికొస్తుంది, ఏది మోసపుచ్చుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది.

ఒక విద్యార్థి సమస్య

నేను ఉండేది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. ఇది రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోనూ ఇక్కడా స్థిరపడ్డాయి. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కాలనీలో నడుస్తుంటే ఇప్పటికీ తెలుగు మాటలు చెవిన పడతాయి.

ఆ కాలనీ నుంచి పన్నెండో తరగతి చదివే ఒక అబ్బాయి గిటార్ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. తండ్రి లోకో పైలట్. క్వార్టరుకు కాస్త దూరంలోనే రైలు పట్టాలు. క్రిస్మస్ కార్యక్రమానికి రెండు వారాలు ఉంది. చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి నాలుగు వేల రూపాయలు కూడబెట్టాడు. గిటార్‌ను యాంప్లిఫయర్‌కు తగిలించగానే గుయ్యిమని ఒకటే రొద. దానిలోని మూడు సింగిల్ కాయిల్ పికప్‌లనూ తీసేసి కొత్తవి పెట్టాలని అతని ఆలోచన.

"మాస్టారూ, నా పికప్‌లు ఆరు కిలో ఓములేనండి. అంగట్లో తొమ్మిదిన్నర కిలో ఓములవి ఉన్నాయి. పవర్ ఎక్కువట, శబ్దం బాగా వస్తుందట" అన్నాడు.

"నీకు శబ్దం పెరగాలా, రొద తగ్గాలా?" అని అడిగాను.

"రెండూ కావాలండి" అన్నాడు.

నాలుగు వేలు పోయాక రొద కూడా పెరిగితే ఆ అబ్బాయికి మళ్లీ కొనే స్తోమత లేదు. అందుకే ముందు కొలుద్దాం, తరువాత కొందాం అని చెప్పాను. ఆ రోజు మేమిద్దరం చేసిన పనే ఈ పాఠం.

పికప్ ఎలా పనిచేస్తుంది?

మామూలు గిటార్‌కు బోలుగా ఉండే పెట్టె ఉంటుంది. తంత్రి కంపనం ఆ పెట్టెలోని గాలిని కదిలించి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు చాలావరకు గట్టి చెక్క ఉంటుంది. తంత్రుల కింద, చెక్కలో అమర్చిన చిన్న భాగమే పికప్. సింగిల్ కాయిల్ అంటే ఒకే తీగచుట్ట ఉన్న పికప్ అని అర్థం.

దానిలో ఆరు తంత్రుల కింద ఆరు చిన్న కడ్డీలు ఉంటాయి. మంచి పికప్‌లలో ఇవి ఆల్నికో అయస్కాంతాలు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపిన మిశ్రలోహం కాబట్టి ఆ పేరు వచ్చింది. చవక రకాల్లో ఉక్కు కడ్డీలు పెట్టి, కింద సెరామిక్ అయస్కాంతపు పట్టీని అతికిస్తారు. ఈ కడ్డీల చుట్టూ సన్నని రాగితీగ సుమారు 8,000 చుట్లు చుట్టి ఉంటుంది.

కడ్డీలోని అయస్కాంతం తన పైన ఉన్న ఉక్కు తంత్రిని కూడా చిన్న అయస్కాంతంగా మారుస్తుంది. దీనినే ప్రేరిత అయస్కాంతత్వం అంటాం. తంత్రిని మీటితే అది కంపిస్తుంది. దానితోపాటు తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. తంత్రి సెకనుకు 330 సార్లు కంపిస్తే, వోల్టేజి కూడా సెకనుకు 330 సార్లు అటూ ఇటూ మారుతుంది. యాంప్లిఫయర్ ఆ చిన్న వోల్టేజిని పెద్దది చేసి స్పీకర్‌కు ఇస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. అది మైకు కాదు. రెండు, తంత్రిలో అయస్కాంత పదార్థం ఉండాలి. నైలాన్ తంత్రికీ, పూర్తిగా ఇత్తడితో చేసిన తంత్రికీ ఈ పికప్ దాదాపు స్పందించదు.

ఈ పద్ధతిని గిటార్‌కు పనికొచ్చేటట్టు చేసినవారిలో అమెరికాకు చెందిన జార్జ్ బోషాం ముఖ్యుడు. 1930ల తొలినాళ్లలో ఆయన రూపొందించిన గిటార్‌కు 1937లో పేటెంటు లభించింది. 1954లో ఫెండర్ సంస్థ మూడు సింగిల్ కాయిల్ పికప్‌లతో స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను తెచ్చింది. మన దేశంలో ఇప్పుడు దొరికే తక్కువ ధర గిటార్లలో చాలావాటికి ఆ నమూనాయే ఆధారం.

మన సంగీతంలోనూ దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్నాటక సంగీతం పలికించి, 2014లో మరణించేవరకు ప్రపంచమంతటా కచేరీలు చేశారు. మామూలు మాండొలిన్‌లో నాదం త్వరగా అణగిపోతుంది. గమకం పూర్తయ్యేవరకు స్వరం నిలవాలంటే, తంత్రి చివరలో చేసే చిన్న కంపనం కూడా వినిపించాలి. విద్యుత్తు సాయం ఆ పని చేసింది.

కిలో ఓములు ఏం చెబుతాయి?

ఇప్పుడు ఆ తొమ్మిదిన్నర కిలో ఓముల సంగతి చూద్దాం. అంగడిలో అందరూ చెప్పే అంకె ఇదే. మల్టీమీటరుతో ఎవరైనా కొలవగలరు కాబట్టి ఇది ప్రచారంలోకి వచ్చింది. ఇది తీగ నిరోధం మాత్రమే. తీగ పొడవును బట్టి పెరుగుతుంది, తీగ మందం పెరిగితే తగ్గుతుంది.

ఒక లెక్క చేద్దాం. పికప్‌లలో ఎక్కువగా వాడే 42 గేజి రాగితీగ వ్యాసం సుమారు 0.063 మి.మీ. నిరోధం 6,000 ఓములు ఉంటే, రాగి విశిష్ట నిరోధాన్ని బట్టి ఆ తీగ పొడవు దాదాపు 1,100 మీటర్లు వస్తుంది. బిలాస్‌పూర్ స్టేషన్‌లో 802 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫాం ఉందని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. చూపుడువేలంత పికప్‌లో ఉన్న తీగను విప్పి పరిస్తే ఆ ప్లాట్‌ఫాం దాటి ఇంకా 300 మీటర్లు పోతుంది.

ఇప్పుడు అన్నే చుట్లు 43 గేజి తీగతో చుట్టామనుకోండి. దాని వ్యాసం సుమారు 0.056 మి.మీ. మధ్యచ్ఛేద వైశాల్యం తగ్గింది కాబట్టి నిరోధం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. 6 కిలో ఓములు ఉన్నది ఏడున్నర అవుతుంది. చుట్ల సంఖ్య మారలేదు, అయస్కాంతం మారలేదు. తంత్రి పుట్టించే వోల్టేజి కూడా మారదు. అంకె మాత్రం పెరిగింది.

ఉష్ణోగ్రత కూడా ఈ అంకెను మారుస్తుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 6.0 కిలో ఓములు చూపిన పికప్, 45 డిగ్రీల వేసవి మధ్యాహ్నం దాదాపు 6.6 చూపుతుంది. మే నెలలో పికప్‌కు బలం వచ్చిందని ఎవరమూ అనుకోం కదా!

కాబట్టి ఒకే తీగ, ఒకే ఆకారం, ఒకే అయస్కాంతం ఉన్న రెండు పికప్‌లను పోల్చడానికి మాత్రమే ఈ నిరోధం పనికొస్తుంది. దీనికి ఇంకొక ఉపయోగం ఉంది. మీటరు అనంతం చూపితే తీగ తెగిందని తెలుస్తుంది.

చుట్లు పెంచితే నాదం ఎలా మారుతుంది?

నిజంగానే చుట్లు పెంచారనుకుందాం. 20 శాతం ఎక్కువ చుట్లు వేస్తే వోల్టేజి కూడా సుమారు 20 శాతం పెరుగుతుంది. చెవికి ఇది స్వల్పమైన తేడా. యాంప్లిఫయర్ మీట కొంచెం తిప్పితే అంత శబ్దం వచ్చేస్తుంది. అయితే చుట్లతోపాటు మరొకటి ఇంకా వేగంగా పెరుగుతుంది. అది ప్రేరకత్వం. ప్రేరకత్వం చుట్ల సంఖ్య వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. చుట్లు 1.2 రెట్లయితే ప్రేరకత్వం 1.44 రెట్లవుతుంది.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. గిటార్ నుంచి యాంప్లిఫయర్‌కు పోయే కేబుల్‌లో మధ్య తీగకూ, చుట్టూ ఉన్న అల్లికకూ మధ్య కెపాసిటెన్స్ ఉంటుంది. మీటరు కేబుల్‌కు సుమారు 100 పికోఫారడ్లు అనుకోవచ్చు. ఆరు మీటర్ల కేబుల్‌కు 600. పికప్ చుట్టలో సహజంగా ఉండేది మరొక 100. మొత్తం 700 పికోఫారడ్లు. మామూలు సింగిల్ కాయిల్ ప్రేరకత్వం 2.4 హెన్రీలు అనుకుందాం. ప్రేరకత్వం, కెపాసిటెన్స్ కలిసిన చోట ఒక అనునాద పౌనఃపున్యం ఉంటుందని మీకు తెలుసు. ఆ రెండింటి లబ్ధానికి వర్గమూలం తీసి, దానిని పై విలువకు రెట్టింపుతో గుణించి, ఒకటిని ఆ వచ్చినదానితో భాగిస్తే అనునాద పౌనఃపున్యం వస్తుంది. ఇక్కడ అది సుమారు 3,900 హెర్ట్జ్.

ఆ పౌనఃపున్యం దగ్గర ఉన్న అనుస్వరాలను పికప్ పెంచి చూపుతుంది. దానికి పైన ఉన్నవాటిని తగ్గించేస్తుంది. మన చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య సున్నితత్వం ఎక్కువ. కాబట్టి ఈ శిఖరం ఎక్కడ ఉంటే నాదానికి ఆ గుణం వస్తుంది. చుట్లు 20 శాతం పెంచితే శిఖరం 3,900 నుంచి సుమారు 3,200 హెర్ట్జ్‌కు దిగుతుంది. గలగలమనే మెరుపు తగ్గి, నాదం నిండుగా, కాస్త మందంగా అవుతుంది. ఇది దోషం కాదు. కొందరికి అదే కావాలి. శబ్దం పెరుగుతుందని చుట్లు కొన్నవారు నిజానికి కొంటున్నది నాదంలో మార్పు అని తెలుసుకోవాలి.

ఇదే లెక్కను కేబుల్ వైపు నుంచి చేయండి. పికప్ మార్చకుండా ఆరు మీటర్ల కేబుల్ బదులు మూడు మీటర్లది వాడితే మొత్తం కెపాసిటెన్స్ 400కు తగ్గుతుంది. శిఖరం సుమారు 5,100 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. నాదం మందంగా ఉందని పికప్‌లు మార్చాలనుకునేవారు ముందు పొట్టి కేబుల్‌తో వాయించి చూడాలి. గిటార్‌లోని శబ్ద నియంత్రణ మీట విలువ కూడా ముఖ్యమే. సింగిల్ కాయిల్‌కు సాధారణంగా 250 కిలో ఓముల మీట వాడతారు. 500ది పెడితే శిఖరం మరింత పదునుగా వినిపిస్తుంది.

రొద ఎక్కడిది?

ఇక అసలు సమస్యకు వద్దాం. ఫారడే నియమానికి సంగీతమేదో, రొద ఏదో తెలియదు. చుట్ట గుండా పోయే అభివాహం మారితే చాలు, వోల్టేజి పుడుతుంది. ఇంట్లో ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యాన్లు, గోడల్లోని తీగలు 50 హెర్ట్జ్ వద్ద మారే అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతుంటాయి. రైల్వే పట్టణంలో దీనికి మరొకటి తోడవుతుంది. మన విద్యుత్ రైళ్లు 25,000 వోల్టుల, 50 హెర్ట్జ్ ఏకాంతర విద్యుత్తుతో నడుస్తాయి. పై తీగలో వచ్చిన విద్యుత్తు పట్టాల గుండా, భూమి గుండా తిరిగి పోతుంది. అంటే అది చాలా పెద్ద వలయం. బొగ్గు గూడ్సు బండి బయలుదేరేటప్పుడు ఆ వలయంలో వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. "గూడ్సు కదిలినప్పుడు నా యాంపు గట్టిగా అరుస్తుందండి" అని ఆ అబ్బాయి చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

భూమి అయస్కాంత క్షేత్రం దీనికన్నా చాలా బలమైనది కదా, దాని రొద ఎందుకు వినిపించదు అని మీరు అడగవచ్చు. అది స్థిరంగా ఉంటుంది. మారని అభివాహం వోల్టేజిని పుట్టించదు.

ఒక అంచనా వేద్దాం. 50 హెర్ట్జ్ వద్ద ఒక మైక్రోటెస్లా క్షేత్రం ఉందనుకోండి. చుట్లు 8,000, చుట్ట సగటు వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. ప్రేరిత వోల్టేజి సుమారు ఒకటిన్నర మిల్లీవోల్టు వస్తుంది. తంత్రి గట్టిగా మీటితే 100 మిల్లీవోల్టులు వచ్చిందనుకున్నా, రొద దానిలో డెబ్బయ్యో వంతు కన్నా ఎక్కువే. యాంప్లిఫయర్ బాగా పెంచి, వాయించకుండా ఊరుకుంటే ఆ రొద స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ పాఠానికి కీలకమైన విషయం ఇక్కడే ఉంది. చుట్లు పెంచితే తంత్రి వోల్టేజీ పెరుగుతుంది, రొద వోల్టేజీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. సంగీతానికీ రొదకూ మధ్య ఉన్న నిష్పత్తి మారదు. "రెండూ కావాలండి" అన్న అబ్బాయికి తొమ్మిదిన్నర కిలో ఓముల పికప్ ఆ రెండూ ఇవ్వలేదు.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

మొదటిది, రొద రకం తెలుసుకోవడం. యాంప్లిఫయర్‌కు తగిలించిన గిటార్‌ను పట్టుకుని నిలబడి, మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిశలో రొద బాగా తగ్గి, మరొక దిశలో పెరిగితే అది అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చేది. చుట్ట తలం క్షేత్ర దిశకు సమాంతరమైనప్పుడు అభివాహం సున్నా అవుతుంది కాబట్టి రొద తగ్గుతుంది. అలా కాకుండా, తంత్రులను చేతితో తాకగానే జరజరమనే శబ్దం తగ్గితే అది విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చేది. గిటార్ లోపలి గుంటలకు రాగిరేకు అంటించి దానిని ఎర్త్‌కు కలిపితే ఈ రెండో రకం తగ్గుతుంది. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని పలుచని రాగిరేకు గాని అల్యూమినియం రేకు గాని ఆపలేదు. ఈ తేడా తెలియక రేకులకు డబ్బు ఖర్చుపెట్టినవారు ఉన్నారు.

రెండోది, దూరం. యాంప్లిఫయర్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని పక్కనే కుర్చీ వేసుకుని వాయిస్తే రొద తప్పదు. రెండు మీటర్లు జరగండి.

మూడోది, పికప్ ఎత్తు. పికప్‌కు రెండు పక్కలా ఉండే స్క్రూలు తిప్పి దానిని తంత్రులకు దగ్గరగా జరపవచ్చు. దీనివల్ల తంత్రి వోల్టేజి పెరుగుతుంది, రొద పెరగదు. నిష్పత్తి నిజంగా మెరుగయ్యేది ఇక్కడే, అదీ ఖర్చు లేకుండా. తంత్రిని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తంత్రికీ కడ్డీకీ మధ్య 2 నుంచి 2.5 మి.మీ. ఖాళీ ఉంచడం మంచి ఆరంభం. మరీ దగ్గరైతే అయస్కాంతం తంత్రిని లాగుతుంది. ముఖ్యంగా లావు తంత్రుల శ్రుతి వణుకుతుంది.

ఒక హెచ్చరిక. రొద తగ్గుతుందని ఎవరైనా చెబితే యాంప్లిఫయర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును తీసేయకండి. గిటార్ తంత్రులు కేబుల్ అల్లిక ద్వారా ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు యాంప్లిఫయర్‌లో లోపం వస్తే, విద్యుత్తు మీ చేతిలోని తంత్రుల మీదికి వస్తుంది. మరో చేత్తో మైకు పట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పికప్ ఆలోచన తరువాత.

రెండు చుట్టల ఉపాయం

రొదను చుట్టతోనే రద్దు చేసే మార్గం ఒకటి ఉంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు దరఖాస్తు చేశారు, 1959లో మంజూరైంది. రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, వాటిని ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో పనిచేసేటట్టు కలుపుతారు. దూరం నుంచి వచ్చే రొద రెండింటిలోనూ సమానంగా పుట్టి, వ్యతిరేక గుర్తులతో కలిసి రద్దవుతుంది. అలాగైతే సంగీతం కూడా రద్దవుతుంది కదా? అలా కాకుండా ఒక చుట్ట అయస్కాంతాన్ని తలకిందులు చేస్తారు. తంత్రి వల్ల పుట్టే వోల్టేజికి రెండుసార్లు గుర్తు మారుతుంది, కాబట్టి కూడుతుంది. రొదకు ఒక్కసారే మారుతుంది, కాబట్టి పోతుంది. దీనిని హంబకర్ అంటారు.

మూడు సింగిల్ కాయిల్‌లు ఉన్న గిటార్‌లో ఇదే ఉపాయాన్ని సులువుగా వాడుకోవచ్చు. మధ్య పికప్‌కు మాత్రం చుట్టు దిశ, అయస్కాంత ధ్రువం రెండూ మిగతావాటికి వ్యతిరేకంగా ఉన్నదాన్ని తీసుకోవాలి. అప్పుడు మధ్య పికప్‌ను పక్కదానితో కలిపి వాయించే స్థానాల్లో రొద చాలావరకు పోతుంది. ఒక్కో పికప్‌ను విడిగా వాయిస్తే రొద ఉంటుంది.

మీ గిటార్‌లో ఇప్పటికే అలా ఉందో లేదో తెలుసుకోవచ్చు. ఒక దిక్సూచిని పదిహేను సెంటీమీటర్ల దూరం నుంచి ఒక్కో పికప్ వైపు తెచ్చి, ఏ కొన ఆకర్షితమవుతుందో రాసుకోండి. మరీ దగ్గరికి తేవద్దు, దిక్సూచి ముల్లు అయస్కాంతత్వమే తారుమారు కావచ్చు. తరువాత ముల్లు ఉన్న మల్టీమీటరును అతి తక్కువ డి.సి. వోల్టేజి దగ్గర ఉంచి, పికప్ రెండు తీగలకు కలపండి. ఇనుప స్క్రూడ్రైవరును కడ్డీకి తాకించి చటుక్కున పైకి తీయండి. ముల్లు ఎటు కదిలిందో చూడండి. మీరు అధ్యాయంలో చదివిన గాల్వనామీటర్ ప్రయోగం ఇదే. రెండు పికప్‌లలో ముల్లు ఒకే వైపు కదిలి, ధ్రువాలు మాత్రం వేరైతే, వాటిని కలిపినప్పుడు సంగీతం కూడుతుంది, రొద పోతుంది. ముల్లు ఒకే వైపు కదిలి, ధ్రువాలూ ఒకటే అయితే రొద కూడా కూడుతుంది. ముల్లు వేర్వేరు వైపులకు కదిలితే, ఆ రెండూ కలిపి వాయించినప్పుడు నాదం పీలగా వస్తుంది. అప్పుడు ఒక పికప్ తీగలను అటుదిటు మార్చి కలపాలి.

ఒక్క పికప్‌తోనే, గట్టిగా పెంచి వాయించేవారికి మరొక రకం ఉంది. సింగిల్ కాయిల్ పరిమాణంలోనే రెండు చుట్టలను ఒకదాని కింద ఒకటి పెడతారు. కింది చుట్ట తంత్రులకు దూరం కాబట్టి ప్రధానంగా రొదను మాత్రమే పట్టి రద్దు చేస్తుంది. అయితే దాని నిరోధం, ప్రేరకత్వం కూడా మార్గంలోకి వస్తాయి. అందువల్ల నాదం అసలు సింగిల్ కాయిల్‌లాగే ఉండకపోవచ్చు. ధర కూడా సాధారణంగా ఎక్కువ.

స్థానాన్ని బట్టి ఎంపిక

పికప్ ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యమే. బ్రిడ్జి దగ్గర తంత్రి కంపన పరిమితి తక్కువ. అందుకే అక్కడ పెట్టే పికప్‌కు కొంచెం ఎక్కువ చుట్లు వేస్తారు. మెడ వైపు కంపనం ఎక్కువ కాబట్టి తక్కువ చుట్లు చాలు. స్ట్రాటోకాస్టర్ నమూనాలో తంత్రి పొడవు 648 మి.మీ. మెడ వైపు పికప్ బ్రిడ్జి నుంచి సుమారు 162 మి.మీ. దూరంలో, అంటే నాలుగో వంతు దగ్గర ఉంటుంది. నొక్కని తంత్రిలో నాలుగో అనుస్వరానికి అది అస్పందన బిందువు. ఆ అనుస్వరం అక్కడ దాదాపు వినిపించదు. అదే పికప్‌ను బ్రిడ్జి దగ్గర పెడితే నాదం వేరుగా ఉండటానికి ఇదొక కారణం.

కొనేటప్పుడు కొలతలు కూడా చూడాలి. కడ్డీల మధ్య దూరం తంత్రుల మధ్య దూరంతో సరిపోవాలి. మొదటి కడ్డీ నుంచి ఆరో కడ్డీ వరకు చాలా రకాల్లో సుమారు 50 నుంచి 52 మి.మీ. ఉంటుంది. గుంట లోతు, స్క్రూ రంధ్రాల దూరం పాతదాన్ని కొలిచి రాసుకువెళ్లండి. అమర్చేటప్పుడు బయటి తీగలనే పట్టుకోండి. చుట్ట తీగ తలవెంట్రుక అంత సన్నం. నేను మొదటిసారి ఒక పికప్‌ను విప్పినప్పుడు గోరు తగిలి తీగ తెగింది. అది ఇప్పటికీ తరగతిలో చూపించడానికి పనికొస్తోంది.

ఆ అబ్బాయి ఏం కొన్నాడు?

పరీక్షలన్నీ చేశాం. తంత్రులను తాకితే జరజర కొంత తగ్గింది. విప్పి చూస్తే కేబుల్ తగిలించే చోట ఎర్త్ తీగ టంకం ఊడి ఉంది. అతికించాం. గుండ్రంగా తిరిగితే మిగిలిన రొద తగ్గుతూ పెరుగుతూ ఉంది, అంటే అది అయస్కాంత క్షేత్రం వల్లనే. యాంప్లిఫయర్‌ను గదిలో మరో మూలకు జరిపాం. పికప్‌లు తంత్రులకు దాదాపు 5 మి.మీ. దూరంలో ఉన్నాయి, పైకి ఎత్తాం. శబ్దం అక్కడే చాలా పెరిగింది. దిక్సూచితో చూస్తే మూడు పికప్‌ల ధ్రువాలూ ఒకటే. అతను ఎక్కువగా వాయించేది బ్రిడ్జి, మధ్య పికప్‌లు కలిపిన స్థానంలో.

చివరికి మూడు కాదు, ఒకే ఒక్క పికప్ కొన్నాడు. ఆరు కిలో ఓములదే, చుట్టూ ధ్రువమూ వ్యతిరేకంగా ఉన్న మధ్య పికప్. నాలుగు వేలల్లో సగానికి పైగా మిగిలింది. అతను వాయించే స్థానంలో ఇప్పుడు గూడ్సు బండి కదిలినా రొద చాలా తక్కువ. బ్రిడ్జి పికప్ ఒక్కదానితో వాయిస్తే మాత్రం పాత రొద ఉంది. అది ఎందుకు ఉందో అతనికి తెలుసు.

సారాంశం

1. పికప్ వోల్టేజి అభివాహం మారే రేటును బట్టి ఉంటుంది. సంగీతమూ రొదా ఒకే నియమం వల్ల పుడతాయి.
2. నిరోధం ఒక్కటే చూసి పికప్ బలాన్ని అంచనా వేయకూడదు. తీగ మందం, ఉష్ణోగ్రత దానిని మారుస్తాయి.
3. చుట్లు పెంచితే అనునాద శిఖరం కిందికి దిగుతుంది. రొదతో నిష్పత్తి మెరుగుపడదు.
4. ఎత్తు, దూరం, కేబుల్, ఎర్త్, టంకం ముందు సరిచూడాలి.
5. మధ్య పికప్‌కు చుట్టు దిశ, ధ్రువం రెండూ వ్యతిరేకంగా ఉంటే కలిపి వాయించినప్పుడు రొద రద్దవుతుంది.

మీరే ప్రయత్నించండి

1. ఒక పికప్ చుట్లను 10 శాతం తగ్గిస్తే ప్రేరకత్వం ఎంత శాతం తగ్గుతుంది? అనునాద పౌనఃపున్యం ఎటు మారుతుంది?
2. 20 డిగ్రీల వద్ద 5.8 కిలో ఓములు ఉన్న పికప్ మీ ఊరి వేసవి ఉష్ణోగ్రత వద్ద ఎంత చూపుతుంది?
3. చుట్టు దిశ మాత్రమే మార్చి, అయస్కాంత ధ్రువం మార్చకపోతే రెండు పికప్‌లు కలిపినప్పుడు సంగీతానికి ఏమవుతుంది? రొదకు ఏమవుతుంది?
4. మీ దగ్గర గిటార్ లేకపోతే, పాత రిలే చుట్టను యాంప్లిఫయర్‌కు కలిపి, ఇంట్లో ఏ వస్తువు దగ్గర రొద ఎక్కువగా వినిపిస్తుందో పట్టిక తయారుచేయండి. ప్లగ్ తీయకుండా ఏ వస్తువునూ విప్పవద్దు.